1024×768 దగ్గర ఇరుక్కుపోయిన స్టడీ హాల్: ఒక కేస్ స్టడీ

మహబూబ్‌నగర్‌లో సిస్టమ్‌లు బాగుచేసే పని నాది. ఈ కేసులో చివరికి దొరికిన తప్పు చాలా చిన్నది. దాన్ని పట్టుకోవడానికి మాత్రం రెండుసార్లు బస్సెక్కాను, సరిచేయడానికి ఇంకోసారి, సరిచేసిన దాన్ని పీకేయడానికి మళ్ళీ ఒకసారి. మొదటి ప్రయాణం పూర్తిగా నా తొందరపాటు వల్ల వృథా అయింది. ఊరి పేరు, ఓనర్ పేరు రాయను, నాగర్‌కర్నూల్ వైపు అనుకోండి చాలు.

నేపథ్యం

అక్కడ ఒకాయన మొదటి అంతస్తులో స్టడీ హాల్ నడుపుతాడు. కానిస్టేబుల్, గ్రూప్స్, ఎస్ఎస్‌సీ, రైల్వే పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున ఆరింటికి వచ్చి రాత్రి దాకా కూర్చుంటారు. ఎస్ఎస్‌సీ, రైల్వే వాటికి పరీక్ష కంప్యూటర్ మీదే కాబట్టి, మాక్ టెస్టులు రాసుకోవడానికి ఒక పక్కన ఐదు సిస్టమ్‌లు పెట్టాడు. ఎక్కడో తీసేసినవి తక్కువలో కొన్నాడు. అన్నీ కోర్ టూ డ్యుయో మెషిన్లే, నాలుగు జీబీ ర్యామ్. మూడింటిలో మానిటర్‌కి బొమ్మ పంపే ఎన్‌విడియా జీఫోర్స్ 210 గ్రాఫిక్స్ కార్డులు, రెండింటిలో రేడియాన్ హెచ్‌డీ 5450 కార్డులు. 2009, 2010 నాటి సరుకు. బ్రౌజర్‌లో టెస్టు రాయడానికి ఇవి ఇప్పటికీ చాలు, అందుకే వాటిల్లో విండోస్ బదులు లినక్స్ మింట్ 21 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేయించాడు. ఆ నిర్ణయం సరైనదే, దాన్ని నేను తప్పుపట్టను.

ఇంకో విషయం, అప్పుడు నేను పట్టించుకోనిది. పిల్లల కాళ్ళు తగిలి సీపీయూలు ఆగిపోతున్నాయని ఓనర్ ఐదు సీపీయూలనూ ఒక మూల ఇనుప జాలీ అల్మారాలో పెట్టి తాళం వేశాడు. ఇన్వర్టర్ లైన్ కూడా అక్కడికే వస్తుంది. మానిటర్లు మాత్రం గోడ పొడవునా వరుసగా ఉన్నాయి. అల్మారాకు దగ్గరున్న రెండు మానిటర్లకు మామూలు వీజీఏ కేబుళ్ళు సరిపోయాయి, దూరంగా ఉన్న మూడింటికి పది మీటర్ల కేబుళ్ళు గోడ మీద ప్లాస్టిక్ కేసింగ్ పట్టీల్లోంచి లాగారు.

సమస్య

ఫోన్‌లో ఆయన చెప్పింది ఇది: "అన్నా, సిస్టమ్‌లు మంచిగనే నడుస్తున్నయ్, గని అక్షరాలు అడ్డంగ సాగినట్టు కనబడుతున్నయ్. గుండ్రటి పై చార్టు ఇస్తే కోడిగుడ్డు లెక్క ఉంటదని పిలగాళ్ళు నవ్వుతున్నరు."

కోడిగుడ్డు అన్నమాట దగ్గరే సగం సంగతి తెలిసిపోయింది. నాలుగుకు మూడు కొలతలో ఉన్న బొమ్మని వెడల్పు మానిటర్ మీద సాగదీస్తే గుండ్రంగా ఉండాల్సింది గుడ్డు అవుతుంది. పిల్లలకు అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. మాక్ టెస్టులో కుడిపక్కన ప్రశ్నల నంబర్ల పట్టిక ఉంటుంది కదా, ఏది రాశాం ఏది వదిలేశాం అని రంగుల్లో చూపించేది, అది స్క్రీన్ బయటికి పోతోంది. ప్రతిసారీ పక్కకి జరుపుకోవాలి. గంటలో వంద ప్రశ్నలు రాసేవాడికి అది చిన్న టెన్షన్ కాదు.

ఐదు మానిటర్లలో నాలుగు 18.5 అంగుళాలవి, అసలు రిజల్యూషన్, అంటే అడ్డం నిలువు చుక్కల లెక్క, 1366×768. ఒకటి 20 అంగుళాలది, 1600×900. కానీ అన్నింటిలోనూ సెట్టింగ్స్‌లో 1024×768 దాటి పైకి ఏమీ కనిపించడం లేదు. అంతకుముందు చూసిన ఒకబ్బాయి "కార్డులు పాతవి, లినక్స్ వీటిని సపోర్ట్ చేయదు, కొత్త కార్డులు వేయాలి" అని చెప్పి వెళ్ళాడట. ఆ మాట నేను పూర్తిగా నమ్మలేదు, కానీ సగం నమ్మాను. ఆ సగమే నా కొంప ముంచింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు

టెర్మినల్ తెరిచి, మానిటర్ కార్డులో ఏ అవుట్‌పుట్‌కి తగిలి ఉంది, ఏ రిజల్యూషన్లు దొరుకుతాయి అని చూపించే ఎక్స్‌రాండర్ కమాండ్ కొట్టాను. అవుట్‌పుట్ పేరు వీజీఏ అనో డీవీఐ అనో రావాలి. ఇక్కడ డిఫాల్ట్ అని వచ్చింది. అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, దాని అసలు డ్రైవర్, లేవనే లేదు, సిస్టమ్ ఆన్ కాగానే బయోస్ అప్పగించిన మామూలు ఫ్రేమ్ బఫర్ (బొమ్మ దాచే మెమరీ) మీదే బండి నడుస్తోంది. లినక్స్‌కి గుండెకాయ లాంటి కర్నెల్‌కి బూట్‌లో ఇచ్చిన ఆప్షన్లు చూస్తే నోమోడ్‌సెట్ ఉంది. డ్రైవర్‌ని స్క్రీన్ జోలికి పోవద్దని చెప్పే ఆప్షన్ అది.

ఎందుకు పెట్టారంటే, ఇన్‌స్టాల్ చేసే రోజు ఒక మెషిన్‌లో పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తుంటే లోగో దగ్గర ఆగిపోయిందట. దానికి నోమోడ్‌సెట్ పెడితే ముందుకు సాగింది. తర్వాత ఎందుకొచ్చిన గొడవని ఐదింటికీ బూట్ ఆప్షన్లు ఉండే గ్రబ్ ఫైల్లో శాశ్వతంగా రాసేశారు. ఇన్‌స్టాల్ గట్టెక్కడానికి ఆ ఆప్షన్ వాడటంలో తప్పులేదు, నేనూ వాడతాను. పని అయ్యాక తీయకపోవడమే తప్పు, జ్వరం తగ్గాక కూడా మందు వేసుకుంటూ పోయినట్టు.

ఐదింటిలోనూ తీసేసి, గ్రబ్ అప్‌డేట్ చేసి, రీస్టార్ట్ చేశాను. లోగో దగ్గర ఆగడం మళ్ళీ రాలేదు, ఒక్కోదాన్ని నాలుగుసార్లు ఆపి వేసి చూశాను. రేడియాన్ ఉన్న రెండు మెషిన్లలో 1366×768 చక్కగా వచ్చేసింది. జీఫోర్స్ ఉన్న మూడూ 1024×768 దగ్గరే ఉన్నాయి.

ఇక్కడ నా ఆలోచన ఎలా సాగిందో రాస్తాను, ఈ కేసు మొత్తానికి ముఖ్యమైన చోటు ఇదే. రెండు బాగయ్యాయి, మూడు కాలేదు. బాగైన రెండూ రేడియాన్, కానివి మూడూ ఎన్‌విడియా. ఎన్‌విడియా పాత కార్డులంటే నూవో డ్రైవర్, నూవో అంటే కంపెనీ వాళ్ళ సాయం పెద్దగా లేకుండా కార్డు గుట్టు బయటి నుంచి తవ్వి తీసి రాసిన డ్రైవర్, కాబట్టి లోపం అక్కడే అనుకున్నాను. ఎంత ముద్దుగా కుదిరిందో చూడండి! ఆ రెండు రేడియాన్‌లకే పొట్టి కేబుళ్ళున్నాయని, మూడు ఎన్‌విడియాలకే పొడుగువి ఉన్నాయని నా బుర్రకి తట్టలేదు. సీపీయూలు అల్మారాలో ఉన్నాయి, కేబుళ్ళు పట్టీల్లో ఉన్నాయి. నా కళ్ళకి కనబడ్డ తేడా కార్డు ఒక్కటే.

పైగా స్క్రీన్ మీదే రెండు ఆధారాలున్నాయి. ఒకటి, నోమోడ్‌సెట్ తీశాక జీఫోర్స్ మెషిన్లలో అవుట్‌పుట్ పేరు వీజీఏ-1 అని సరిగ్గానే వచ్చింది. అంటే నూవో లేచింది, పని చేస్తోంది. రెండు, ఆ పేరు పక్కన మానిటర్ కొలత 0 మిల్లీమీటర్లు 0 మిల్లీమీటర్లు అని ఉంది. రేడియాన్‌లలో మాత్రం మానిటర్ అసలు కొలతే ఉంది. సున్నా అంటే మానిటర్ తన గురించి కార్డుకు ఏమీ చెప్పలేదని అర్థం. చూశాను, వదిలేశాను.

డ్రైవర్ వెంట పరుగు

జీఫోర్స్ 210కి ఎన్‌విడియా సొంత డ్రైవర్‌లో చివరిది 340 సిరీస్. దానికి కంపెనీ 2019 చివర్లో మంగళం పాడింది. మింట్ 21 వెనకున్నది ఉబుంటు 22.04, అందులో 340 ప్యాకేజీ లేదు, కాబట్టి డ్రైవర్ మేనేజర్ ఖాళీగా కనిపించింది. అక్కడితో ఆగాల్సింది. ఆగకుండా కంపెనీ ఇన్‌స్టాలర్ ఫైలు దింపి ఒక మెషిన్ మీద నడిపాను. 5.15 కర్నెల్‌తో దాని మాడ్యూల్, అంటే కర్నెల్‌లో కూర్చునే ముక్క, కంపైల్ కాలేదు, కర్నెల్ మారిపోయింది, డ్రైవర్ ఆగిపోయింది, ఎందుకవుతుంది? పాత కోడ్‌కి ప్యాచ్‌లు, అంటే అతుకులు, వేసి కంపైల్ చేసేవాళ్ళున్నారు, కానీ ప్రతి కర్నెల్ అప్‌డేట్‌కీ నేను గంటన్నర బస్సులో బిజినేపల్లి మీదుగా రాలేను కదా. ఊరికి దూరంగా ఉన్న కస్టమర్‌కి ప్యాచ్ చేసిన డ్రైవర్ ఇచ్చి రావడం నా లెక్కలో బాగుచేయడం కిందికి రాదు.

ఇన్‌స్టాలర్ ఫెయిలై బయటికి వచ్చేటప్పుడు ఇంకో పని చేసి పోయింది. మొదట్లో అది నూవోని ఆపడానికి ఒక ఫైలు రాయనా అని అడుగుతుంది, సరే అన్నాను. డ్రైవర్ పడలేదు గానీ ఆ ఫైలు మాత్రం డ్రైవర్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో మిగిలిపోయింది. రీస్టార్ట్ చేస్తే ఎన్‌విడియా లేదు, నూవో లేదు, అవుట్‌పుట్ పేరు మళ్ళీ డిఫాల్ట్. చీకటి పడింది, ఆఖరి బస్సు టైమ్ అవుతోంది. ఆ సీపీయూని సంచిలో పెట్టుకుని మహబూబ్‌నగర్ తెచ్చుకున్నాను. మిగతా రెండింటి జోలికి పోకపోవడం ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని.

దుకాణంలో బాగుంది, అక్కడ లేదు

మర్నాడు దుకాణంలో నూవోని ఆపిన ఆ బ్లాక్‌లిస్ట్ ఫైలు తీసేసి, బూట్ మొదట్లో కర్నెల్ వాడే చిన్న ఫైళ్ళ మూట ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని మళ్ళీ కట్టించి, నా బల్ల మీది మానిటర్‌కి తగిలించాను. 1366×768 టక్కున వచ్చింది. నూవోతోనే. ఏ సెట్టింగూ మార్చలేదు. అప్పుడైనా ఆగి, నిన్న రానిది ఇవాళ ఎందుకొచ్చింది అని అడుక్కోవాలి. నేనేమో అప్‌డేట్లు వేశాను కదా, వాటివల్లే అయ్యుంటుందని సంతోషపడి సీపీయూ ప్యాక్ చేసుకున్నాను.

రెండోసారి వెళ్ళి అల్మారాలో పెట్టి ఆన్ చేస్తే మళ్ళీ 1024×768. ఓనర్ ఏమీ అనలేదు, టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

టీ తాగుతూ లెక్క వేసుకున్నాను. సీపీయూ అదే, కార్డు అదే, డ్రైవర్ అదే. దుకాణానికీ ఇక్కడికీ మారినవి రెండే, మానిటర్, దానికీ కార్డుకీ మధ్య ఉన్న కేబుల్. మానిటర్లు దాదాపు ఒకే రకం, పక్క సీటులో రేడియాన్‌కి అలాంటిదే బాగా నడుస్తోంది. మిగిలింది కేబుల్. తేల్చుకోవడానికి అడ్డంగా మార్చి చూడటం కంటే మంచి దారి లేదు. జీఫోర్స్ సీపీయూని అల్మారాలోంచి తీసి దాని మానిటర్ పక్కనే పెట్టి, రేడియాన్ నుంచి తీసిన పొట్టి కేబుల్ తగిలించాను. 1366×768 వచ్చింది. ఇప్పుడు ఆ పొడుగు కేబుల్‌ని రేడియాన్‌కి తగిలించి రీస్టార్ట్ చేశాను. నిన్నటిదాకా బంగారంలా నడిచిన రేడియాన్ 1024×768కి పడిపోయింది. రెండో పరీక్ష చేయకపోయినా నడిచేది, కానీ మొదటిసారి మోసపోయాను కాబట్టి ఈసారి రెండు పక్కలా చూడందే నమ్మదలుచుకోలేదు.

బొమ్మ బాగా వస్తున్న కేబుల్ చెడ్డదెలా అవుతుందని ఓనర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వీజీఏలో పదిహేను పిన్నులుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం 1, 2, 3 పిన్నుల మీద వెళ్తాయి, బొమ్మ వరుసలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అడ్డం నిలువు సింక్ సంకేతాలు 13, 14 మీద. ఈ ఐదూ, వాటి గ్రౌండ్లూ ఉంటే బొమ్మ వచ్చేస్తుంది. 12, 15 పిన్నులు వేరే పనికి. మానిటర్ లోపల చిన్న చిప్‌లో 128 బైట్ల సమాచారం ఉంటుంది, తన పేరు, కొలతలు, ఏ రిజల్యూషన్ తట్టుకుంటుంది అన్నీ. దీన్నే ఈడీఐడీ అంటారు. కార్డు ఆ రెండు పిన్నుల మీదే దాన్ని అడిగి తెలుసుకుంటుంది. ఆ తీగలు లేకపోతే కార్డుకు మానిటర్ ఉందని తెలుస్తుంది, ఎవరో తెలియదు. పాత అనలాగ్ కార్డులు అవతల లోడ్ ఉందా లేదా చూసి మానిటర్ ఉందని పసిగడతాయి. ఎవరో తెలియనప్పుడు కర్నెల్ ఏ మానిటరైనా తట్టుకునే 1024×768 దాకానే లిస్టులో పెట్టి ఊరుకుంటుంది.

మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఆ పొడుగు కేబుల్‌ని ఈ చివర ఆ చివర పట్టి చూశాం. 1, 2, 3 మోగాయి. 13, 14 మోగాయి. 12 లేదు, 15 లేదు. మూడు కేబుళ్ళదీ అదే కథ. తీగ తెగలేదు, తయారీలోనే వేయలేదు. కేబుల్ మీద చిన్న అక్షరాల్లో 3+4, 3+6, 3+9 అని ఉంటుంది చూడండి, రంగులకు మూడు మందపు తీగలు, వాటికి తోడు ఎన్ని సన్న తీగలున్నాయో ఆ రెండో అంకె చెప్తుంది. ఆ అంకె చిన్నదైన కొద్దీ ముందు కోత పడేది ఇలాంటి తీగలకే. వీటి మీద అసలు ఏమీ ముద్రించి లేదు.

ఇంకో చిన్న ఉచ్చు చెప్తాను. ఈడీఐడీ వచ్చిందో లేదో సిస్ ఫోల్డర్ కింద, క్లాస్‌లో డీఆర్ఎమ్ దగ్గర ఉండే ఈడీఐడీ ఫైలులో చూడొచ్చు. ఫోల్డర్ లిస్టింగ్‌లో దాని సైజు ఎప్పుడూ 0 అనే చూపిస్తుంది, లోపల సరుకున్నా సరే. దాన్ని చదివి, బైట్లను అంకెల్లో చూపించే హెక్స్ డంప్‌లో ఏమైనా వస్తోందా లేదా చూడాలి.

తాత్కాలిక మార్గం, అది ఎందుకు నిలవలేదు

ఆ రోజు కొత్త కేబుళ్ళు నా దగ్గర లేవు. పిల్లలకు వారంలో పరీక్ష. సరే, ఈడీఐడీ లేకపోయినా ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్ (రిజల్యూషన్, దాని టైమింగ్) చేత్తో కలపొచ్చు కదా అని చూశాను. ఆ టైమింగ్ లెక్కకట్టే సీవీటీ కమాండ్‌కి 1366×768 ఇస్తే అది 1368×768 లెక్క కట్టి ఇస్తుంది, ఎందుకంటే దానికి అడ్డం కొలత 8తో భాగించబడాలి. ఆ రెండు పిక్సెళ్ళ తేడా వల్ల అక్షరాల నిలువు గీతలు కొన్నిచోట్ల మసకగా ఉన్నాయి. దాని బదులు 1366కే ఉన్న ప్రామాణిక టైమింగ్, మానిటర్ల ప్రమాణాలు పెట్టే వెసా సంస్థది, వాడాను: పిక్సెల్ క్లాక్ 85.5 మెగాహెర్ట్జ్, అడ్డం 1366, 1436, 1579, 1792, నిలువు 768, 771, 774, 798, రెండు సింకులూ ప్లస్. గీతలు శుభ్రంగా వచ్చాయి.

దాన్ని లాగిన్ అయినప్పుడు నడిచే స్క్రిప్టుగా పెట్టి ఇంటికొచ్చాను. మర్నాడే ఫోన్, మళ్ళీ కోడిగుడ్డు. ఒక పిల్లవాడి బ్రౌజర్ వివరాలు ఇంకొకరికి కనబడకూడదని ఓనర్ గెస్ట్ సెషన్, అంటే తాత్కాలిక లాగిన్, వాడుతున్నాడు. గెస్ట్ సెషన్ అయిపోగానే హోమ్ ఫోల్డర్ తుడిచిపెట్టుకుపోతుంది, దాంతోపాటు నా స్క్రిప్టూ. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఏది పని చేసింది

మూడోసారి వెళ్ళేటప్పుడు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీ నుంచి 3+9 కేబుళ్ళు తెప్పించుకుని, కొనే ముందే అక్కడ మీటర్‌తో 12, 15 చూడమని చెప్పాను. ఒక సీటుకి కేబుల్ మార్చడం తేలిగ్గా అయింది, పట్టీ మూత ఊడివచ్చింది. ఆన్ చేయగానే అసలు రిజల్యూషన్, ఏ సెట్టింగూ అక్కర్లేదు. అదివరకు అక్షరాల పక్కన నీడలా కనిపించేది కూడా పోయింది.

మిగతా రెండు సీట్ల పట్టీల మీద గోడ రంగు పూసేశారు, ఊడదీస్తే పెచ్చులు లేస్తాయి, పరీక్షలయ్యే దాకా వద్దన్నాడు ఓనర్. అప్పుడు రెండు దారులున్నాయి. స్క్రీన్ మీద బొమ్మ చూపించే ఎక్స్ఆర్గ్ ప్రోగ్రామ్ సెట్టింగ్ ఫైల్లో మోడ్ రాయడం ఒకటి, అది అందరు యూజర్లకీ వర్తిస్తుంది, గెస్ట్ గొడవ ఉండదు. రెండోది, మానిటర్ చెప్పలేని ఈడీఐడీని మనమే ఫైలుగా కర్నెల్‌కి ఇవ్వడం. రెండోది ఎంచుకున్నాను. బూట్ స్క్రీన్, లాగిన్, గెస్ట్ సెషన్ అన్నీ ఒకే చోట తేలిపోతాయి, పైగా టైమింగ్ అంకెలు నేను ఊహించి రాయక్కర్లేదు, మానిటర్ సొంత మాటే వాడుతున్నాం.

పొట్టి కేబుల్‌తో ఒక్కో మానిటర్‌ని నేరుగా తగిలించి, దాని 128 బైట్లను ఫైలుగా దాచాను, ఈడీఐడీ డీకోడ్ టూల్‌తో, బైట్లు చెడిపోలేదని చెప్పే చెక్‌సమ్ సరిపోయిందా చూశాను, లిబ్ ఫర్మ్‌వేర్ కింద ఈడీఐడీ అనే ఫోల్డర్‌లో పెట్టి, గ్రబ్‌లో డీఆర్ఎమ్ ఈడీఐడీ ఫర్మ్‌వేర్ ఆప్షన్‌కి వీజీఏ-1 పేరూ ఫైలు పేరూ ఇచ్చాను. మొదటి బూట్‌లో పని చేయలేదు. కర్నెల్ లాగ్‌లో ఎర్రర్ మైనస్ 2, అంటే ఫైలు దొరకలేదు. డిస్క్ అందుబాటులోకి రాకముందే, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దశలోనే నూవో లేస్తోంది, ఫైలేమో డిస్క్ మీదుంది. ఆ ఫైలుని కూడా లోపలికి కాపీ చేసే నాలుగు లైన్ల హుక్ స్క్రిప్టు రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్ళీ కట్టాక రెండు సీట్లూ సరిగ్గా లేచాయి. ఒకటి 1366×768, ఇంకోటి 20 అంగుళాలది, 1600×900.

ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. సీపీయూ ఇక ఆ మానిటర్‌నే నమ్ముతుంది, ఎదురుగా వేరేది పెట్టినా సరే. అందుకే ఆ రెండు మానిటర్ల వెనకా "మార్చొద్దు" అని స్టిక్కర్ వేసి, ఓనర్‌కి చూపించి మరీ వచ్చాను.

రెండు నెలల తర్వాత ఫోన్. ఆ సీట్లలో ఒకదాని స్క్రీన్ నల్లగా, సిగ్నల్ పరిధి దాటిందన్న మెసేజ్‌తో. పెద్ద మానిటర్ కిటికీ పక్కన ఎండకి మెరుస్తోందని దాన్నీ పక్కదాన్నీ అటూ ఇటూ మార్చారు. 18.5 అంగుళాల మానిటర్‌కి 1600×900 వెళ్తోంది. స్టిక్కర్ ఏమైందని అడిగాను. "ఎవడో పిలగాడు గీకేసిండన్నా" అన్నాడు. మానిటర్లు మళ్ళీ పాత చోట్ల పెట్టమని చెప్పాను, రెండు నిమిషాల్లో స్క్రీన్ వచ్చింది.

ఆ ఆదివారం వెళ్ళి పట్టీలు ఊడదీశాం. పెచ్చులు లేచాయి, అనుకున్నంత కాదు. రెండు 3+9 కేబుళ్ళు లాగి, గ్రబ్‌లోంచి ఈడీఐడీ లైను తీసేసి, హుక్ కూడా తీసేసి, గోడకి పుట్టీ పెట్టే మనిషి కోసం ఓనర్ ఫోన్ చేస్తుండగా బస్సెక్కాను.